150 కీర్తనలు, 10 మంది మనుషులు: రంగూన్ లెక్క

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మాలోని రంగూన్‌లో యూదులు సుమారు 2,500 మంది ఉండేవారు. ఇప్పుడు యాంగోన్ అంటున్న అదే ఊళ్లో ఇరవై మంది దాకా మిగిలారు. వాళ్ల సమాజమందిరం ముస్మియా యెషువా మాత్రం 26వ వీధిలో, రంగు డబ్బాలూ ఇనుప సామానూ అమ్మే దుకాణాల మధ్య, ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. 1854లో చెక్కతో కట్టిన మందిరం స్థానంలో 1890ల్లో కట్టిన రాతి కట్టడం అది. ఒకప్పుడు అక్కడ మోషే ధర్మశాస్త్రం రాసిన తోరా చుట్టలు 126 ఉండేవట, ఇప్పుడున్నవి రెండు. ఊళ్లోనే 91వ వీధిలో వాళ్ల శ్మశానం ఉంది. అందులో సమాధులు 600 పైమాటే. అంటే బతికున్న ఒక్కొక్కరికీ ముప్పై సమాధులు.

ఇన్ని అంకెల్లోనూ ప్రార్థనకు అడ్డం పడేది వేరే అంకె: పది. సనాతన యూదుల నియమం ప్రకారం పదమూడేళ్లు నిండిన పది మంది మగవాళ్లు కూడితేనే పూర్తి సామూహిక ప్రార్థన. ఆ కూడికను మిన్యాన్ అంటారు. తొమ్మిది మంది వస్తే తోరా చుట్టను తీసి ఆశీర్వచనాలతో చదవడానికి లేదు. చనిపోయినవారి కోసం కొడుకులు చెప్పే కద్దీష్ కూడా చెప్పడానికి లేదు. రంగూన్ మందిరాన్ని దశాబ్దాల పాటు కనిపెట్టుకుని ఉన్న మోజెస్ శామ్యూల్స్ 2015లో కన్నుమూశారు. ఆయన కాలంలోనూ, ఆ తరవాత కొడుకు సామీ శామ్యూల్స్ కాలంలోనూ పది మంది కూడారంటే ఆ వారం ఊళ్లోకి యూదు పర్యాటకులో, ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం వాళ్లో వచ్చినట్టే. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక పర్యాటకులూ పలచబడ్డారు.

అలాంటప్పుడు ఏం చేస్తారు? పది మంది అక్కర్లేనివి చదువుకుంటారు. వాటిలో అన్నిటికంటే పెద్దది కీర్తనల గ్రంథం. దానికి పురోహితుడు అక్కర్లేదు, కోరం అక్కర్లేదు, మందిరం కూడా అక్కర్లేదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని పడగొట్టినప్పుడు బలులు ఆగిపోయాయి. బలి వేళ ఆలయ సేవకులైన లేవీయులు పాడిన పాటలు ఆగలేదు. నన్నడిగితే, రంగూన్ యూదుల కథనీ రంగూన్ తెలుగు క్రైస్తవుల కథనీ కలిపే దారం అదే: ఊరు ఖాళీ అయినా వెంట తీసుకుపోగలిగిన ప్రార్థన.

ముందు ఆ పుస్తకం లెక్క చూద్దాం. కీర్తనలు 150. గ్రీకు సంప్రదాయాన్ని పాటించే ఆర్థడాక్స్ సంఘాల్లో 151వది కూడా ఉంటుంది. మొత్తాన్ని ఐదు స్కంధాలుగా విడగొట్టారు: 1 నుంచి 41, 42 నుంచి 72, 73 నుంచి 89, 90 నుంచి 106, 107 నుంచి 150. మోషే ఐదు గ్రంథాలకు సాటిగా ఐదు అని పండితుల మాట. మనం 'దావీదు కీర్తనలు' అని టోకున అనేస్తాం గానీ, హీబ్రూ శీర్షికల్లో దావీదు పేరున్నవి 73 మాత్రమే. 12 ఆసాపువి, రెండు సొలొమోనువి, ఒకటి మోషేది, కొన్ని కోరహు కుమారులవి, మిగిలినవాటిలో చాలావాటికి పేరే లేదు. అన్నీ ఒక కాలంలో రాసినవీ కావు. కొన్ని శతాబ్దాల పాటు పేరుకున్న సంకలనం ఇది. మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన ప్రతుల్లో ఏ గ్రంథం ప్రతులు ఎక్కువంటే కీర్తనలవే. మూడు డజన్లకు పైనే దొరికాయి.

పొడవులోనూ పొంతన ఉండదు. 117వ కీర్తన రెండే వచనాలు. దాని వెనక ఒకటి వదిలి 119 దగ్గరికి వస్తే 176 వచనాలు. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, ఆ ఎనిమిదీ అదే అక్షరంతో మొదలవుతాయి. తెలుగు బైబిలు తీసి చూడండి, ప్రతి ఎనిమిదింటికీ ముందు ఆలెఫ్, బేత్, గీమెల్ అని అచ్చు వేసి ఉంటుంది. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాటిని మనుషుల పేర్లనుకున్నవాళ్లు నాకు తెలుసు. 'అ'తో మొదలెట్టి 'క్ష' దాకా పద్యాలు అల్లే మన అక్షరమాలికల కవులకి ఈ పని కొత్తగా అనిపించదు. కంఠతా పట్టడానికి అదొక ఊతం.

కవిత్వంగా దీని గుట్టు ఇంకోటుంది. హీబ్రూ కీర్తనకు మనలాగా యతి, ప్రాస, గణాల లెక్క లేదు. ఒక పాదం ఒక మాట చెబుతుంది, పక్క పాదం అదే మాటను ఇంకో రకంగా చెబుతుంది, లేదా దానికి ఎదురు చెబుతుంది. లయ ధ్వనిలో కంటే భావంలో ఎక్కువగా ఉంటుంది. ఈ సంగతిని 1753లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబర్ట్ లోత్ పుస్తకం రాసి విడమరిచాడు. ధ్వనిలో ఉన్న అందం భాష మారితే రాలిపోతుంది. పోతన పద్యాన్ని బర్మీస్‌లోకి తెమ్మంటే ఎవరి వల్లా కాదు. భావంలో ఉన్న జంట మాత్రం బర్మీస్‌లోనూ, కరెన్‌లోనూ, తెలుగులోనూ జంటగానే నిలుస్తుంది. ఈ పుస్తకం ఇన్ని భాషల్లో ప్రార్థనగా బతకడానికి భక్తి ఎంత కారణమో ఈ నిర్మాణమూ అంతే కారణం.

చదివేటప్పుడు ఆ జంట చెవికి తెలుస్తుంది. హీబ్రూ ప్రతుల్లో వచనం సగంలో ఆగమని చెప్పే గుర్తు ఉంటుంది. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాల్లో అక్కడే ఒక విరామ చిహ్నం పడుతుంది. కెథడ్రల్‌లో గాయక బృందం ఎదురెదురుగా రెండు వరసల్లో నిలబడుతుంది. ఒక వరస ఒక వచనం అందుకుంటుంది, సగంలో ఊపిరి తీసుకునేంత సేపు ఆగుతుంది, పూర్తి చేస్తుంది. రెండో వచనం ఎదుటి వరసది. కొత్తగా వెళ్లినవాడు ఆ మధ్య విరామంలో ఒక్కడే పైకి పాడేసి నాలుక కరుచుకోవడం మామూలే.

ఇక యూదుల రోజు లెక్క. వారంలో ప్రతి రోజుకీ ఒక కీర్తన ఉంది: ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతి దినమైన శనివారం 92. ఆలయంలో లేవీయులు పాడిన వరస ఇదేనని సుమారు క్రీ.శ. 200 నాటి యూదు ధర్మ సంకలనం మిష్నా చెబుతుంది. ఇవి కాక 145వ కీర్తన రోజుకు మూడుసార్లు, పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి. ఉదయపు ప్రార్థనలో 145 నుంచి 150 దాకా ఆరూ వరసగా వస్తాయి. పండుగల్లో 113 నుంచి 118.

శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినాన్ని ఆహ్వానించే క్రమం పదహారో శతాబ్దంలో గలిలయలోని సఫేద్ ఊరి మార్మికులు కూర్చినది. మామూలుగా 95 నుంచి 99 దాకా ఐదు, తరవాత 29, ఒక ఆహ్వాన గీతం, ఆపైన 92, 93. తూర్పు దేశాల యూదుల్లో చాలామంది నేరుగా 29తోనే మొదలుపెడతారు. 29 ఉరుముల కీర్తన. నీళ్ల మీద, అడవి మీద, ఎడారి మీద దేవుడి స్వరం వినిపిస్తుందని ఏడుసార్లు అంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రంగూన్‌లో పడే వానలకి ఇంతకంటే తగిన పాట దొరకదు. ఇదంతా ఒక్కరే చదువుకోవచ్చు. సరిగ్గా దీని తరవాత, సభను ప్రార్థనకు పిలిచే మాట దగ్గర, మళ్లీ ఆ పది అవసరమవుతుంది.

క్రైస్తవుల దగ్గర సమస్య మనుషులు కాదు, రోజులు. 150 కీర్తనలను ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలి? ఇంగ్లీషు బైబిలు లెక్కన వచనాలు 2,461. నిమిషానికి పదేసి చొప్పున చదివితే మొత్తానికి నాలుగు గంటల చిల్లర. ఆరో శతాబ్దపు సన్యాసి బెనెడిక్ట్ తన నియమావళిలో వారం గడువు పెట్టాడు. మన లెక్కన రోజుకు 35 నిమిషాలు. పూర్వపు తండ్రులు ఒక్క రోజులో ముగించేవారని, మనం బద్ధకస్తులం కనక కనీసం వారంలోనైనా చేద్దామని ఆయన వాదన. నా పంపకం నచ్చకపోతే మీరే వేరుగా పంచుకోండి, వారంలో 150 మాత్రం తగ్గకూడదు అని కూడా అన్నాడు. నియమాలు రాసేవాళ్లలో ఇంత సడలింపు అరుదు.

1549లో ఇంగ్లండులో థామస్ క్రాన్మర్ కామన్ ప్రేయర్ పుస్తకం కూర్చినప్పుడు గడువును నెలకు మార్చాడు. ముప్పై రోజులు, ఉదయం సాయంత్రం కలిపి అరవై భాగాలు, రోజుకు ఎనిమిది నిమిషాలు. సన్యాసుల సొత్తుగా ఉన్నది సంసారుల చేతికి వచ్చిందంటే ఈ భాగహారం వల్లే. పొడవాటి 119ని 24వ తేదీ సాయంత్రం నుంచి 26వ తేదీ సాయంత్రం దాకా ఐదు ముక్కలు చేశారు. 31వ తేదీ వస్తే 30 నాటివే మళ్లీ చదవాలి. యూదుల్లో నెల పద్ధతి పాటించేవాళ్లు కూడా 119ని 25, 26 తేదీలకు రెండుగా పంచుకుంటారు.

రంగూన్‌లో ఈ నెల పద్ధతికి పెద్ద ఇల్లు బోజో ఆంగ్ సాన్ రోడ్డులోని ఆంగ్లికన్ల ఎర్ర ఇటుకల హోలీ ట్రినిటీ కెథడ్రల్. నమూనా గీసింది మద్రాసులో పేరు మోసిన రాబర్ట్ చిషోమ్, సెనేట్ హౌస్ కట్టినాయనే. 1886లో వైస్రాయ్ డఫరిన్ శంకుస్థాపన చేశాడు, 1894లో ప్రతిష్ఠ జరిగింది. రోమన్ కాథలిక్కుల సెయింట్ మేరీస్ కెథడ్రల్ పని 1895లో మొదలై 1899లో పూర్తయింది. కాథలిక్ గురువులూ కన్యస్త్రీలూ చదివే ఘడియల ప్రార్థన చాలా శతాబ్దాలు వారం గడువు మీదే నడిచింది. రెండో వాటికన్ మహాసభ తరవాత 1970ల మొదట్లో దాన్ని నాలుగు వారాలకు సడలించారు. ఆర్థడాక్స్ వాళ్లు పుస్తకాన్ని 20 భాగాలు చేసుకుని ఇప్పటికీ వారంలో ముగిస్తారు, శ్రమదినాల్లో వారానికి రెండుసార్లు. బో ఆంగ్ జా వీధిలో 1862 నాటి ఆర్మీనియన్ చర్చి కూడా ఉంది. దానిదీ 26వ వీధి లాంటి స్థితే, కట్టడం నిలిచింది, జనం కరిగిపోయారు.

సామాన్య కాథలిక్ విశ్వాసికి కీర్తన తగిలేది పూజలో, రెండు పఠనాల మధ్య. ఒకరు వచనాలు చదువుతుంటే జనం ఒక పల్లవిని తిరిగి తిరిగి పలుకుతారు. 2017 నవంబరు 29న క్యైక్కసాన్ మైదానంలో పోప్ ఫ్రాన్సిస్ చేసిన పూజకు లక్షన్నర మంది వచ్చారని అంచనా. పది మంది దొరకని మందిరం కూడా ఇదే ఊళ్లో ఉందని గుర్తుంచుకోండి. 2014 జనాభా లెక్కల ప్రకారం దేశంలో క్రైస్తవులు 6.2 శాతం.

అంకెల దగ్గర ఒక చిక్కుంది. ఎవరైనా ఫలానా కీర్తన అంటే ఏ లెక్కలో అని అడగాలి. గ్రీకు, లాటిన్ బైబిళ్లు 9, 10 కీర్తనలను ఒకటిగా కలిపేశాయి. అక్కడి నుంచి దాదాపు చివరి దాకా వాటి అంకె ఒకటి తక్కువ. మన ఇళ్లలో గోడల మీద వేలాడే 23, గొర్రెల కాపరి కీర్తన, పాత లాటిన్ పుస్తకంలో 22. హీబ్రూలో శీర్షికను కూడా ఒకటి రెండు వచనాలుగా లెక్కపెడతారు కాబట్టి 51వ కీర్తనకు ఇంగ్లీషులో 19 వచనాలైతే హీబ్రూలో 21.

అసలు పరీక్ష 137వ కీర్తన దగ్గర. తొమ్మిదే వచనాలు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలి, బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లు పరాయి నది ఒడ్డున కూర్చుని ఏడ్చిన పాట. రంగూన్ యూదుల్లో ఎక్కువమంది బాగ్దాదు నుంచి, కొందరు కలకత్తా మీదుగా, పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చినవాళ్లు. బాగ్దాదు అంటే ఆ బబులోను దేశమే. చెర ముగిశాక వెనక్కి వెళ్లకుండా అక్కడే ఉండిపోయినవాళ్ల వారసులమని వాళ్ల నమ్మకం. ఆ పాటను మోసుకుంటూ ఇంకో నది ఒడ్డుకు వచ్చి, ఇక్కడ బాగుపడ్డారు. పన్సోడాన్ వీధిలో 1906లో సోఫేర్ అన్నదమ్ములు కట్టించిన భవనం ఇంకా ఉంది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక చాలామంది మళ్లీ మూట కట్టి కలకత్తా చేరారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది నే విన్ సైనిక పాలనలో వ్యాపారాలు జాతీయం అయ్యాక వెళ్లిపోయారు.

ఆ కీర్తన మొదటి ఆరు వచనాలు కన్నీరు, చివరి మూడు పగ. శత్రువు పసిపిల్లల గురించి అందులో ఉన్న మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది. యూదుల ఆచారంలో మామూలు రోజుల్లో భోజనానంతర ప్రార్థనకు ముందు దీన్ని పూర్తిగా చదువుతారు. క్రాన్మర్ పంపకంలో 28వ తేదీ సాయంత్రం పూర్తిగా వస్తుంది. కాథలిక్ నాలుగు వారాల క్రమంలో నాలుగో మంగళవారం సాయంత్రం ఆరు వచనాలే ఉంటాయి, చివరి మూడూ కత్తిరించారు. 58, 83, 109 కీర్తనలను ఆ క్రమం నుంచి మొత్తానికే తీసేశారు. శాపాలున్న మాటలతో ప్రార్థించడం కష్టమన్నది కారణం. కారణం అర్థమవుతుంది గానీ నాకు ఈ కత్తిరింపు నచ్చదు. ఇల్లు తగలబడినవాడి నోట పగ కూడా వస్తుంది. దాన్ని దేవుడి ముందు కక్కేస్తే చేతుల్లోకి దిగదేమో. బాంబులూ, వలసలూ, తిరుగుబాట్లూ చూసిన దేశంలో ఆ మూడు వచనాల అవసరం ఎక్కువే తప్ప తక్కువ కాదు.

బర్మీస్‌లో ఈ కీర్తనలు రావడానికి అడోనిరామ్ జడ్సన్ కారణం. అమెరికన్ బాప్టిస్టు. 1813 జూలై 13న రంగూన్‌లో దిగాడు, 1834 జనవరి 31న బైబిలు అనువాదం ముగించాడు. మధ్యలో ఆవా రాజు జైలు. స్గా కరెన్ భాషలో బైబిలు 1853కి పూర్తయింది, కాచిన్‌లో 1920ల్లో. జడ్సన్‌ను పోషించిన బోర్డే పంపిన శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల దగ్గరికి వచ్చాడు. ఆ తెలుగు మిషన్లోనే 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. రంగూన్, ఒంగోలు ఒకే చెట్టు కొమ్మలన్న సంగతి మన చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

రంగం, అంటే రంగూన్, వెళ్లిన తెలుగువాళ్ల సంగతి ఉత్తరాంధ్రలో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం 4 లక్షలు, అందులో భారతీయులు 2 లక్షల 12 వేలు, సగానికి పైనే. రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లు. 1930 మేలో జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నదీ వాళ్లే. శ్రీకాకుళం ప్రాంతంలో పనిచేసిన కెనడా బాప్టిస్టు దంపతులు ఆర్మ్‌స్ట్రాంగ్‌లు 1880ల్లో బర్మా వెళ్లి, అక్కడి తెలుగు, తమిళ వలసజనం మధ్య పనిచేశారు. 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేను కీర్తనలకు తెలుగు బైబిల్లో యాత్రకీర్తనలని శీర్షిక. స్టీమరు ఎక్కి ఊరు దాటినవాళ్లకి వాటి అర్థం ఎవరూ బోధించనక్కర్లేదు. 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా నడిచి అస్సాం, చిట్టగాంగు వైపు వచ్చారు. దారిలో చనిపోయినవాళ్లు వేలల్లో. 1960ల్లో ఇంకో విడతగా దాదాపు 3 లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఉండడం వెనక కథ అదే.

యూదు, క్రైస్తవ సంప్రదాయాలు రెండూ మన నేల మీద ఒక చోట కలిశాయి కూడా. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము సమాజం ఉంది. ఒకప్పుడు బాప్టిస్టులుగా ఉన్న మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పి యూదు ఆచారంలోకి మళ్లాయి. 1991లో సమాజమందిరం పెట్టుకున్నారు. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వాళ్ల వంశావళి గురించి వాదాలు ఉండొచ్చు. కీర్తనల విషయంలో మాత్రం మతం మారినా వాళ్లు పుస్తకం మార్చుకోవాల్సిన పని పడలేదు.

26వ వీధి మందిరం యాంగోన్ నగరపు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంది, దాని తోరా చుట్టలను లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు. రంగం నుంచి వచ్చిన తెలుగు బైబిళ్లూ పాటల పుస్తకాలూ మాత్రం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి. మొదటి పేజీలో పుట్టిన తేదీలు, పెళ్లి తేదీలు, ఏ వీధిలో కాపురమున్నారో రాసుకోవడం ఆ తరం అలవాటు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ముందు ఆ పేజీలను ఫోన్‌తో ఫొటో తీయండి, తరవాత ఇంట్లో పెద్దవాళ్ల చేత అందులోని పేర్లు చదివించి రాసి పెట్టుకోండి. చదివి చెప్పగలవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటాయి.